ఫాంటసీ హాకీ ట్రేడ్‌లో కుర్ర ఆటగాడికి ధర కట్టడం ఎలా

ఫాంటసీ హాకీ అంటే నిజం ఆటగాళ్లని ఎంచుకుని సొంత టీమ్ కట్టుకోవడం, వాళ్లు అసలు మ్యాచ్‌ల్లో తెచ్చే పాయింట్లతో మనం పోటీ పడటం. టొరంటోలో ఉన్న బావ దగ్గర నుంచి ఒక ట్రేడ్ ఆఫర్, అంటే ఆటగాళ్లని మార్చుకుందామన్న కబురు, వచ్చిందనుకోండి. మీ టీమ్‌లో ఏటా డెబ్బై పాయింట్లు తెచ్చే ముప్పై రెండేళ్ల వింగర్‌ని (పక్కల నుంచి దాడి చేసే ఆటగాడిని) ఆయనకి ఇచ్చేయాలట. బదులుగా ఉత్తర అమెరికాలోని పెద్ద ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఇంకా సరిగ్గా అడుగు పెట్టని పంతొమ్మిదేళ్ల కుర్రాడిని తీసుకోవాలట. కింద ఒక లైను: "రేపటి సూపర్‌స్టార్, ఆలోచించుకో." ఒప్పుకోవాలా, వద్దనాలా, ఇంకేదైనా కలిపి అడగాలా? ఇది తేల్చుకోవడానికి నేను వాడే పద్ధతిని వరసగా చెబుతాను.

మన నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు కెనడాలోనో అమెరికాలోనో పిల్లలున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. మంచు మీద ఆడే ఈ హాకీ మనలో చాలామందికి పరిచయమైంది వాళ్ల వల్లే. అక్కడివాళ్లు, ఇక్కడివాళ్లు కలిసి ఒక లీగ్ పెట్టుకుంటే ఏడాది పొడుగునా మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. నాకు ఈ ఆట మీద ఇష్టం పెరిగింది అందుకే. ఒక్క మాట ముందే చెప్పాలి. డబ్బు కట్టి ఆడే లీగ్‌ల జోలికి పోకండి. ఆంధ్రలో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల మీద 2020 నుంచే నిషేధం ఉంది, 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. మనవాళ్ల మధ్య సరదాగా ఆడే ఉచిత లీగ్ చాలు, టెన్షన్ ఉండదు.

ఇక్కడ చెప్పేదంతా ఏటేటా ఆటగాళ్లని అట్టిపెట్టుకునే కీపర్ లీగ్‌లు, డైనస్టీ లీగ్‌ల గురించి. సీజన్ అయిపోగానే అందర్నీ వదిలేసి మళ్లీ మొదటి నుంచి ఎంచుకునే లీగ్‌లో కుర్రాడి భవిష్యత్తుకి విలువ లేదు. అక్కడ ఈ ఏడు ఎన్ని పాయింట్లు తెస్తాడన్నదే లెక్క.

నా పద్ధతి అంతా ఒక్క మాట మీద నిలబడి ఉంది. కుర్రాడి పేరు పక్కన పెట్టి, వాడి కోసం మీరు ఎదురుచూడాల్సిన కాలానికి ధర కట్టాలి. ఆ కాలం ఎంత, అందులో మీరు పోగొట్టుకునేదెంత, చివరికి దక్కే అవకాశం ఎంత. కింద చెప్పే ప్రతి అడుగూ ఈ మూడింటిని తేల్చడానికే.

1. ముందు మీ లీగ్ నియమాలు చూడండి

ఆఫర్ రాగానే చాలామంది కుర్రాడి పేరు గూగుల్ చేస్తారు, వీడియోలు చూస్తారు. నాలుగు గోల్స్ చూశాక మనసు అక్కడే ఆగిపోతుంది. దానికంటే ముందు లీగ్ సెట్టింగ్స్ తెరవండి. ఏటా ఎంతమందిని అట్టిపెట్టుకోవచ్చు? ఎన్‌హెచ్‌ఎల్‌కి ఇంకా రానివాళ్లకి వేరే స్లాట్‌లు ఉన్నాయా? పాయింట్లు వేటికి వస్తాయి?

నలుగురినే అట్టిపెట్టుకునే లీగ్‌లో పంతొమ్మిదేళ్ల కుర్రాడు దాదాపు బరువే. నాలుగు చోట్లలో ఒకటి వాడికిస్తే, రేపు ఉదయమే పాయింట్లు తెచ్చేవాడిని వదులుకోవాలి. పాతికమందిని అట్టిపెట్టుకునే లీగ్‌లో అదే కుర్రాడు మంచి ఆస్తి. ఫాంట్రాక్స్ లాంటి ఫాంటసీ సైట్‌లో మైనర్స్‌కి, అంటే ఎన్‌హెచ్‌ఎల్‌కి ఇంకా రానివాళ్లకి, విడిగా స్లాట్‌లు పెట్టుకోవచ్చు. అలాంటివి ఉంటే ఎదురుచూసే ఖర్చు బాగా తగ్గుతుంది, ఎందుకంటే వాడు మీ బెంచ్ మీద చోటు తినడు.

పాయింట్లు గోల్స్‌కి, అసిస్టులకే (గోల్‌కి అందించిన పాస్‌లకే) వస్తాయా, లేక హిట్స్ (ప్రత్యర్థిని ఢీకొట్టడం), బ్లాక్స్ (షాట్‌ని అడ్డుకోవడం), షాట్స్‌కి కూడా వస్తాయా అన్నది ఇంకో పెద్ద తేడా. చిన్న ఒళ్లు, చురుకైన చేతులు ఉన్న ప్లేమేకర్ మొదటి రకం లీగ్‌లో బంగారం, రెండో రకంలో మామూలువాడు. ఆఫర్ పంపినవాడికీ మీకూ ఒకే లీగ్ కాబట్టి ఈ సంగతి ఇద్దరికీ తెలిసే ఉంటుంది. కానీ మీరు నెట్‌లో చూసే ప్రాస్పెక్ట్ (ఎదగబోయే కుర్రాళ్ల) ర్యాంకింగ్‌లకి మీ లీగ్ సంగతి తెలియదు.

2. మీ టీమ్ ఎక్కడుందో నిజాయితీగా చూసుకోండి

పాయింట్ల పట్టికలో మీరు మొదటి నాలుగు స్థానాల్లో ఉంటే ఈ ఏడు కప్పు కొట్టే అవకాశం ఉన్నట్టే. చివరి నాలుగులో ఉంటే రెండేళ్ల తర్వాతి సంగతి ఆలోచించడమే మేలు. నడిమధ్యలో ఉన్నవాళ్లకే కష్టం. వాళ్లు తమ టీమ్‌లో పాయింట్లు ఎక్కువ తెచ్చే ఆరుగురి వయసులు రాసుకుని చూడాలి. నలుగురు ముప్పై దాటి ఉంటే ఆ టీమ్ కిందికే పోతుంది, కాబట్టి వాళ్లని ఇప్పుడే అమ్ముకోవాలి.

ఒకే ట్రేడ్ ఇద్దరికీ మంచిదవుతుంది అంటే కొందరు నమ్మరు. అసలు ఎన్‌హెచ్‌ఎల్‌లోనే జరిగినదాన్ని చూడండి. 2018 జులై 1న సెయింట్ లూయిస్ బ్లూస్ టీమ్ సెంటర్ స్థానంలో ఆడే రయన్ ఓరైలీని బఫలో నుంచి తెచ్చుకుంది. బదులుగా బఫలోకి ఇద్దరు అనుభవజ్ఞులు, ఒక ఫస్ట్ రౌండ్ పిక్ (ఏటా కొత్త కుర్రాళ్లని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి విడత వంతు), ఒక సెకండ్ రౌండ్ పిక్, వీటితో పాటు టేజ్ థాంప్సన్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు వెళ్లారు. ఏడాది తిరక్కుండానే, 2019 జూన్‌లో, బ్లూస్ ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచింది. ప్లేఆఫ్స్‌లో అందరికంటే బాగా ఆడినవాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ కూడా ఓరైలీకే వచ్చింది. థాంప్సన్ అప్పటికి ఎవరికీ గుర్తు లేడు. 2021-22లో వాడు 38 గోల్స్ కొట్టాడు. ఆ మరుసటి సీజన్‌లో 47 గోల్స్, మొత్తం 94 పాయింట్లు. బ్లూస్ కప్పు కొనుక్కుంది, బఫలో మూడేళ్లు ఓపిక పట్టి స్టార్‌ని తెచ్చుకుంది. ఎవరూ మోసపోలేదు.

ఇంకో వైపు ఉదాహరణ కూడా ఉంది. 2013 ఏప్రిల్‌లో వాషింగ్టన్ టీమ్ ఆ సీజన్ ప్లేఆఫ్స్ కోసం మార్టిన్ ఎరాట్ అనే అనుభవజ్ఞుణ్ణీ, ఇంకో ఆటగాణ్ణీ తీసుకుని ఫిలిప్ ఫోర్స్‌బర్గ్ అనే కుర్రాడిని నాష్‌విల్‌కి ఇచ్చేసింది. ఎరాట్ మరుసటి సీజన్ పూర్తయ్యేలోపే ఆ టీమ్ నుంచి వెళ్లిపోయాడు. ఫోర్స్‌బర్గ్ నాష్‌విల్‌కి ఏళ్ల తరబడి ప్రధాన గోల్ స్కోరర్ అయ్యాడు. ఈ ఏడు గెలవాలనుకోవడంలో తప్పు లేదు, కానీ వచ్చేవాడు ఓరైలీ స్థాయివాడై ఉండాలి. వయసు మళ్లుతున్న మామూలు ఆటగాడి కోసం మంచి కుర్రాడిని ఇస్తే రెండూ పోతాయి.

3. పుట్టిన తేదీ చూడండి, ఏడాది ఒక్కటే చాలదు

ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో ఎంపిక కావాలంటే ఆ ఏడాది సెప్టెంబర్ 15 నాటికి పద్దెనిమిదేళ్లు నిండాలి. దీనివల్ల ఒకే డ్రాఫ్ట్‌లో ఉన్న ఇద్దరి మధ్య దాదాపు ఏడాది తేడా రావచ్చు. ఆస్టన్ మాథ్యూస్ 1997 సెప్టెంబర్ 17న పుట్టాడు. రెండే రెండు రోజుల తేడాతో 2015 డ్రాఫ్ట్‌కి బదులు 2016లో వచ్చాడు. మొదటి సీజన్‌లోనే 40 గోల్స్ కొట్టాడంటే అందులో ప్రతిభతో పాటు ఆ అదనపు ఏడాది కూడా ఉంది. 2025లో మొదటి పిక్‌గా న్యూయార్క్ ఐలాండర్స్ తీసుకున్న మాథ్యూ షేఫర్ దీనికి పూర్తిగా ఎదురు. 2007 సెప్టెంబర్ 5న పుట్టాడు, అంటే ఆ డ్రాఫ్ట్‌లో అతి చిన్నవాళ్లలో ఒకడు.

కాబట్టి ఇద్దరు కుర్రాళ్లు ఒకే లీగ్‌లో ఒకేలా పాయింట్లు కొడుతుంటే, పది నెలలు చిన్నవాడికి ఎక్కువ ధర కట్టండి. ఆ వయసులో పది నెలలంటే ఒళ్లు, బలం, స్కేటింగ్ అన్నీ మారిపోతాయి. మన ఊళ్లలో అండర్-19 క్రికెట్ సెలెక్షన్లు చూసినవాళ్లకి ఇది విడిగా చెప్పక్కర్లేదు.

4. పాయింట్లు ఎక్కడ కొట్టాడో చూడండి

కనార్ బెడార్డ్ 2022-23లో రెజైనా పాట్స్ తరఫున కెనడా జూనియర్ లీగ్‌లో 57 మ్యాచ్‌ల్లో 143 పాయింట్లు సాధించాడు. అంటే మ్యాచ్‌కి రెండున్నర. మరుసటి ఏడాది చికాగో తరఫున ఎన్‌హెచ్‌ఎల్‌లో 68 మ్యాచ్‌ల్లో 61 పాయింట్లు, అంటే మ్యాచ్‌కి ఒకటి కూడా రాలేదు. ఆ 61తోనే ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చే కాల్డర్ ట్రోఫీ గెలిచాడు! జూనియర్ అంకెలని అలాగే తీసుకోకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకదు.

స్థూలంగా వరస ఇలా పెట్టుకోండి. ఎన్‌హెచ్‌ఎల్ తర్వాత రష్యా కేహెచ్‌ఎల్, ఆ తర్వాత స్వీడన్ ఎస్‌హెచ్‌ఎల్, అమెరికా, కెనడాల్లోని ఏహెచ్‌ఎల్. వీటిలో పెద్దవాళ్ల మధ్య ఆడి సాధించిన పాయింట్లు బరువైనవి. తర్వాత అమెరికా కాలేజీ హాకీ. దాని తర్వాత కెనడాలోని మూడు జూనియర్ లీగ్‌లు, ఎందుకంటే అక్కడ అందరూ కుర్రాళ్లే. మాట్వే మిచ్‌కోవ్ కేహెచ్‌ఎల్‌లో పెద్దవాళ్ల మధ్య ఆడి వచ్చాడు, 2024-25లో ఫిలడెల్ఫియా తరఫున మొదటి సీజన్‌లోనే 63 పాయింట్లు కొట్టాడు. మాక్లిన్ సెలబ్రీనీ బోస్టన్ యూనివర్సిటీలో 38 మ్యాచ్‌ల్లో 64 పాయింట్లు చేసి, సాన్ హోసేకి వచ్చాక 70 మ్యాచ్‌ల్లో 63 చేశాడు. కాలేజీలో పదిహేడేళ్లకే ఇరవై రెండేళ్లవాళ్ల మీద ఆడినవాడు కదా, పెద్ద లీగ్‌లో పెద్దగా తడబడలేదు.

ఇంకొక్కటి చూడండి, గోల్స్ ఎలా వచ్చాయో. షాట్స్ ఎన్ని, అందులో గోల్స్ ఎన్ని? ఎన్‌హెచ్‌ఎల్‌లో సగటున వంద షాట్లకి పది గోల్స్ పడతాయి. 2012లో మొదటి పిక్ నైల్ యాకుపోవ్. ఎడ్మంటన్ తరఫున మొదటి సీజన్‌లో 48 మ్యాచ్‌ల్లో 17 గోల్స్, 31 పాయింట్లు. చూడ్డానికి అద్భుతం. కానీ వేసిన షాట్లలో ఐదోవంతు గోల్స్ అయ్యాయి, అది అదృష్టం కలిసొచ్చిన ఏడు. మరుసటి సీజన్‌లో 63 మ్యాచ్‌ల్లో 11 గోల్స్. 2017-18 తర్వాత ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడనే లేదు. ఆ మొదటి సీజన్ అయ్యాక వాడిని అమ్ముకున్నవాడు మంచి ధర రాబట్టి ఉంటాడు. షాట్స్ బాగా వేస్తూ గోల్స్ పడని కుర్రాడు కనిపిస్తే మాత్రం వెంటనే కొనండి. షాట్స్ వేసే అలవాటు నిలుస్తుంది, అదృష్టం తిరుగుతుంది.

5. మంచు మీద ఎంతసేపు, ఎవరి పక్కన

నా దృష్టిలో ప్రతిభ తర్వాత అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, జనం తక్కువ చూసేదీ ఇదే. మ్యాచ్ అయ్యాక బాక్స్ స్కోర్‌లో (మ్యాచ్ అంకెల పట్టికలో) ఐస్ టైమ్ అని ఒక వరస ఉంటుంది. ఫార్వర్డ్‌లు ముగ్గురేసి గుంపులుగా మంచు మీదకి దిగుతారు, ఆ గుంపునే లైన్ అంటారు. మొదటి రెండు లైన్లలో ఆడే ఫార్వర్డ్‌కి పదహారు నుంచి ఇరవై నిమిషాలు వస్తాయి. మూడో లైన్, నాలుగో లైన్‌లో పది, పన్నెండు నిమిషాలు ఆడే కుర్రాడు ఎంత మొనగాడైనా పాయింట్లు ఎక్కడ్నుంచి తెస్తాడు?

దానికంటే లోతుగా చూడాల్సింది పవర్‌ప్లే. ప్రత్యర్థి ఆటగాడు పెనాల్టీలో బయట కూర్చున్నప్పుడు మనవాళ్లు ఎక్కువమంది ఉంటారు, గోల్స్ అప్పుడే సులువుగా వస్తాయి. ప్రతి టీమ్‌కి రెండు పవర్‌ప్లే యూనిట్‌లు ఉంటాయి, మొదటిదానికే సమయం ఎక్కువ. మీకు ఇస్తానంటున్న కుర్రాడు మొదటి యూనిట్‌లో ఉన్నాడా? లేకపోతే ఆ చోటు పట్టుకుని కూర్చున్నవాడి వయసెంత, కాంట్రాక్ట్ ఎప్పుడు అయిపోతుంది? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు వెతికితే ఎదురుచూసే కాలం అంచనా దాదాపు దొరికినట్టే.

పది రోజులు వరసగా చూడండి. మనకి శీతాకాలంలో తూర్పు అమెరికా మ్యాచ్‌లు పొద్దున అయిదున్నరకి మొదలవుతాయి, పడమటి తీరంవి ఎనిమిదిన్నరకి. కాఫీ తాగుతూ మొత్తం మ్యాచ్ చూడలేకపోయినా, ఆఫీసుకి బయలుదేరే ముందు ఐస్ టైమ్ అంకె మాత్రం చూసుకోవచ్చు. ఆ అంకె వారం వారం పెరుగుతుంటే కోచ్‌కి వాడి మీద నమ్మకం కుదురుతున్నట్టు. పాయింట్లు ఆ తర్వాత వస్తాయి. పాయింట్లు వచ్చాక కొనబోతే ధర కూడా పెరిగి ఉంటుంది.

సీజన్ మొదట్లో, అంటే అక్టోబర్‌లో, ఇంకో జాగ్రత్త కూడా కావాలి. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల కుర్రాడు తొమ్మిది మ్యాచ్‌ల దాకా ఆడితే వాడి మొదటి కాంట్రాక్ట్‌లో ఏడాది ఖర్చు కాదు. పదో మ్యాచ్ ఆడితే ఖర్చవుతుంది. అందుకే చాలా టీమ్‌లు తొమ్మిది మ్యాచ్‌లు చూసి కుర్రాడిని మళ్లీ జూనియర్‌కి పంపించేస్తాయి. అలాంటి కుర్రాడు ఎనిమిదో మ్యాచ్ దగ్గర ఉండగా వాడిని ఇస్తామని మీకు ఆఫర్ వస్తే, తొందరపడకండి. ఆ వారం గడిచేదాకా ఆగండి.

6. గోలీ అయితే చెయ్యి వెనక్కి తీసుకోండి

గోలీలు (గోల్ కాచేవాళ్లు) ఆలస్యంగా పండుతారు, ఎవరు పండుతారో ముందుగా చెప్పడం నిపుణుల వల్ల కూడా కాదు. ఇగోర్ షెస్టర్కిన్ 2014లో 118వ పిక్. ఎన్‌హెచ్‌ఎల్‌లో మొదటి మ్యాచ్ ఆడింది 2020 జనవరిలో. కనార్ హెలబక్ 2012లో 130వ పిక్. ఈ రోజు ప్రపంచంలో అత్యుత్తమ గోలీల్లో ఒకడు, ఏటా ఉత్తమ గోలీకిచ్చే వెజినా ట్రోఫీలు మూడు గెలిచాడు. డస్టిన్ వుల్ఫ్ 2019 డ్రాఫ్ట్‌లో 214వ వాడు, దాదాపు చివర, 2024-25లో కాల్గరీకి 29 విజయాలు తెచ్చాడు. పెద్ద పేరుతో వచ్చిన గోలీ ప్రాస్పెక్ట్‌కి మంచి ఆటగాడిని ఇవ్వకండి. ట్రేడ్‌లో అదనంగా కలిపితే తీసుకోండి, అంతే.

డిఫెన్స్‌మన్ కూడా నెమ్మదే, కానీ గోలీ అంత కాదు. వాళ్లలో పాయింట్లు ఎక్కువ తెచ్చేది పవర్‌ప్లే మొదటి యూనిట్‌లో ఉండే ఒక్కడే కాబట్టి, పైన చెప్పిన ప్రశ్న ఇక్కడ ఇంకా గట్టిగా వేసుకోవాలి. పిక్ నంబర్ చూసి మోసపోవద్దు. లేన్ హట్సన్ ఒళ్లు చిన్నదని టీమ్‌లు వెనకాడాయి, 2022లో 62వ పిక్‌గా మాంట్రియల్‌కి దక్కాడు. 2024-25లో 66 పాయింట్లు చేసి కాల్డర్ గెలిచాడు. కాలేజీలో మ్యాచ్‌కి ఒకటి పైన పాయింట్ తెచ్చే డిఫెన్స్‌మన్ ఎక్కడ ఎంపికైనా సరే, చూడాల్సినవాడే.

7. ఇప్పుడు కాగితం మీద లెక్క వేయండి

ఈ ఆఫర్ చూడగానే నాకు మా వైపు రొయ్యల గుంటలు గుర్తొస్తాయి. ముత్తుకూరు, ఇందుకూరుపేట, కొత్తపట్నం వైపు ఏ రైతునడిగినా చెబుతాడు. వంద కౌంట్‌లో ఉన్న (కిలోకి వంద తూగే) రొయ్యని ఈ రోజే పట్టేస్తే కిలోకి ఇంత అని ఖాయంగా వస్తుంది. నలభై కౌంట్ దాకా ఆగితే ధర బాగా పెరుగుతుంది, కానీ ఆ రోజులన్నీ మేత, ఏరేటర్లకి కరెంటు, పైగా వైట్ స్పాట్ తెగులు వస్తే గుంట మొత్తం పోతుందన్న భయం. తెలివైన రైతు నలభై కౌంట్ ధర ఒక్కటే చూడడు. అక్కడిదాకా చేరడానికి అయ్యే ఖర్చునీ, చేరకపోయే ప్రమాదాన్నీ కూడా లెక్క కడతాడు. మనమూ అదే చేయాలి.

మొదట మీ లీగ్‌లో వేవర్ (ఎవరి టీమ్‌లోనూ లేనివాళ్ల జాబితా) నుంచి ఉచితంగా దొరికే ఆటగాడు ఏడాదికి ఎన్ని పాయింట్లు తెస్తాడో చూడండి. పన్నెండు టీమ్‌ల లీగ్‌లో నలభై అనుకుందాం. నలభై దాటి వచ్చే పాయింట్లే నిజమైన విలువ, ఎందుకంటే నలభై ఎవరైనా తేగలరు.

మీ ముప్పై రెండేళ్ల వింగర్ వచ్చే అయిదు సీజన్లలో 70, 65, 58, 48, 40 తెస్తాడని అంచనా వేశారు. నలభై తీసేస్తే 30, 25, 18, 8, 0. మొత్తం 81.

కుర్రాడికి ఒక అంచనా సరిపోదు, మూడు దారులు రాయాలి. వాడిలాంటివాళ్లు నలుగురుంటే ఒకడు స్టార్ అవుతాడు, ఇద్దరు మామూలు ఆటగాళ్లవుతారు, ఒకడు అసలు రాడు అనుకుందాం. స్టార్ అయ్యేవాడు నలభై పైన 0, 15, 35, 45, 45 తెస్తాడు, మొత్తం 140. మామూలువాడు 0, 0, 10, 20, 20, మొత్తం 50. రానివాడు సున్నా. నలుగురివీ కలిపితే 140, 50, 50, 0. మొత్తం 240, నాలుగుతో భాగిస్తే 60.

అంటే 81కి 60 ఇస్తున్నారు. పేరు చూసి పొంగిపోతే ఆ 21 మీ చేతిలోంచి జారిపోతుంది. ఇంకేదైనా కలపమని అడగడానికి ఇప్పుడు మీ దగ్గర ఒక అంకె ఉంది.

కానీ అసలు కిటుకు దీని తర్వాత ఉంది. అదే లెక్కని రెండు ముక్కలు చేయండి. మొదటి రెండేళ్లలో మీ వింగర్ విలువ 55, కుర్రాడిది నాలుగు కూడా లేదు. తర్వాతి మూడేళ్లలో వింగర్‌ది 26, కుర్రాడిది 56. మీ టీమ్ ఈ ఏడు కప్పు కొట్టే స్థితిలో ఉంటే మొదటి ముక్క చూడండి, ఆఫర్ పక్కన పెట్టండి. చివర్లో ఉంటే రెండో ముక్క చూడండి, ఈ ఆఫర్ మీకే లాభం. మొత్తం అంకె ఒకటే చూసినవాడు ఈ రెండో సందర్భంలో మంచి ట్రేడ్‌ని వదులుకుంటాడు.

ఈ అంకెలు నేను వివరణ కోసం వేసుకున్నవి. మీవి మీరు వేసుకోండి. స్టార్ అయ్యే అవకాశం నాలుగింట ఒకటి అని ఎక్కడా రాసిపెట్టి లేదు. మొదటి మూడు పిక్‌లలో వచ్చినవాడికి ఎక్కువ పెట్టండి, రెండో రౌండ్‌వాడికి తక్కువ పెట్టండి. ఆ అంకె గురించి భయపడాల్సింది లేదు. రేపు వాడు బాగా ఆడితే మార్చుకోవచ్చు. తలలో ఉన్న ఆశకంటే కాగితం మీద ఉన్న తప్పు అంకె నయం, దిద్దుకోవడానికి వీలుంటుంది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు కుర్రాడు ఒక్క మ్యాచ్ ఆడకముందే వాడికి వంద పాయింట్లు రాసేసుకునేవాళ్లని చాలామందిని చూశాను.

ఇద్దరిని ఇచ్చి ఒకరిని తీసుకునే ట్రేడ్‌లో ఇంకో చిన్న లెక్క కలపాలి. ఎక్కువమంది వచ్చేవైపు ఎవరినో ఒకరిని వదిలేయాలి. ఆ వదిలేసేవాడి విలువ కూడా ట్రేడ్ ఖర్చే.

8. ఎప్పుడు కొనాలి, ఎప్పుడు అమ్మాలి

కుర్రాళ్ల ధరలు ఏడాది పొడుగునా ఒకేలా ఉండవు. జూన్ చివర్లో డ్రాఫ్ట్ అయిన వారంలో, సెప్టెంబర్‌లో ట్రైనింగ్ క్యాంప్ మొదలైనప్పుడు, డిసెంబర్ 26 నుంచి జనవరి మొదటి వారం దాకా జరిగే అండర్-20 ప్రపంచ జూనియర్ టోర్నీ రోజుల్లో ధరలు ఆకాశాన్నంటుతాయి. 2023 జనవరిలో ముగిసిన ఆ టోర్నీలో బెడార్డ్ ఏడు మ్యాచ్‌ల్లో 23 పాయింట్లు కొట్టాడు. ఆ వారం వాడిని కొనబోతే అవతలివాడు సగం టీమ్ అడిగేవాడు. ఈ సమయాల్లో మీ దగ్గరున్న కుర్రాళ్లని అమ్మడం గురించి ఆలోచించండి.

కొనడానికి మంచి సమయం కుర్రాడు ఎన్‌హెచ్‌ఎల్‌లోకి వచ్చి తడబడుతున్నప్పుడు. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు, హాకీలో అది అందరికీ వర్తించదు. జాక్ హ్యూజ్ 2019లో మొదటి పిక్. మొదటి సీజన్‌లో 61 మ్యాచ్‌ల్లో 21 పాయింట్లే. "వీడు పనికిరాడు" అని చాలామంది వదిలేశారు. 2022-23లో 78 మ్యాచ్‌ల్లో 99 పాయింట్లు. అలెక్సీ లాఫ్రెన్యేర్ 2020లో మొదటి పిక్, జూనియర్‌లో 52 మ్యాచ్‌ల్లో 112 పాయింట్లు కొట్టి వచ్చాడు. రేంజర్స్ తరఫున మొదటి ఏడాది 56 మ్యాచ్‌ల్లో 21. నాలుగో సీజన్‌లో 57. హ్యూజ్ అంత ఎత్తుకి పోలేదు, కానీ రెండో ఏడు చౌకగా కొన్నవాడికి నష్టం రాలేదు. రెండో సీజన్ నవంబర్, డిసెంబర్ నెలల్లో ఐస్ టైమ్ తగ్గకుండా పాయింట్లు మాత్రమే తగ్గిన కుర్రాడి కోసం వెతకండి. యజమాని విసిగిపోయి ఉంటాడు.

రష్యాలో ఆడుతున్నవాళ్ల సంగతి వేరు. కిరిల్ కప్రిజోవ్‌ని మినెసోటా 2015లో 135వ పిక్‌గా తీసుకుంది. వాడు ఎన్‌హెచ్‌ఎల్‌కి వచ్చింది 2021 జనవరిలో. అన్నేళ్లు మీరు ఆగగలరా? ఆగగలిగితే చౌకగా దొరుకుతారు. వాడు వచ్చిన ఏడే 55 మ్యాచ్‌ల్లో 51 పాయింట్లతో కాల్డర్ గెలిచాడు.

9. జవాబు ఎలా ఇవ్వాలి

లెక్క తేలాక జవాబు ఆలస్యం చేయకండి. మొదటి మాటే "కాదు" అనకండి, బంధుత్వం పాడవుతుంది, తర్వాత ఆఫర్లూ రావు. కుర్రాడిని తక్కువ చేసి మాట్లాడకండి, రేపు వాడినే మీరు కొనాల్సి రావచ్చు. మన యాసలోనే ఇలా రాస్తే సరిపోతుంది: "బావా, పిల్లోడు బాగుండాడు, కాదనను. నాకు ఈ రెండేళ్లు గడవాలి గదా. నీ ఫస్ట్ రౌండ్ పిక్ కూడా కలుపు, చూద్దాం." ఇందులో మీ కారణం ఉంది, మీకు కావాల్సినదీ ఉంది. బావ తన వైపు లెక్క చెప్పుకోవడానికి చోటూ ఉంది.

పిక్ అడిగేటప్పుడు ఏ ఏటిది, ఎవరి టీమ్‌ది అన్నది స్పష్టంగా రాయించుకోండి. చివరి స్థానంలో ఉన్న టీమ్ పిక్‌కి, మొదటి స్థానంలో ఉన్న టీమ్ పిక్‌కి చాలా తేడా. మాట మీద నమ్మకం ఉన్నా సరే, లీగ్ నడిపే కమిషనర్‌కి కనిపించేలా ఆఫర్‌లోనే పెట్టండి. ఏడాది తర్వాత ఇద్దరిలో ఒకరికి గుర్తుండదు.

ట్రేడ్ ఒప్పుకుంటే, ఎందుకు ఒప్పుకున్నారో రెండు లైన్లు ఫోన్‌లో రాసిపెట్టుకోండి. "2027లో పవర్‌ప్లే మొదటి యూనిట్‌కి వస్తాడని" అని రాస్తే చాలు. ఆ సీజన్ వచ్చినప్పుడు వాడు రాకపోతే, ఇంకా ఎందుకు అట్టిపెట్టుకున్నారో మీకు మీరే అడగగలుగుతారు.

మార్చి నెలలో ఎన్‌హెచ్‌ఎల్ ట్రేడ్ డెడ్‌లైన్ ఉంటుంది, అక్కడ మధ్యాహ్నం మూడు గంటలకి. మనకి అది రాత్రి ఒకటిన్నర. ఆ రాత్రి మీ కుర్రాడి ముందున్న అనుభవజ్ఞుడు వేరే టీమ్‌కి వెళ్లిపోతే, వాడి కోసం ఎదురుచూడాల్సిన కాలం ఒక్కసారిగా ఏడాది తగ్గిపోతుంది. మీ లీగ్ డెడ్‌లైన్ ఎన్‌హెచ్‌ఎల్ డెడ్‌లైన్ తర్వాత ఉందో ముందు ఉందో ఇప్పుడే చూసిపెట్టుకోండి. తర్వాత ఉంటే, ఆ రాత్రి అలారం పెట్టుకుని లేవండి, పొద్దున్నే అందరూ లేచేసరికి మీ ఆఫర్ వెళ్లి ఉండాలి.